రెండు ఘనపుటడుగుల లెక్క

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో ముందుగా మూట కట్టేది వంటసామాను. చివరిదాకా కట్టకుండా మిగిలేవి పుస్తకాలు. పుస్తకాలు బరువు, ఓడకైనా విమానానికైనా బరువుకే డబ్బు. అందుకని మా కాలనీలో తెలుగువాళ్ళ కుటుంబం ఏదైనా ద్వీపం విడిచి వెళ్ళినప్పుడల్లా ఒక అట్టపెట్టె వెనక ఉండిపోయేది. "పిల్లలు చదువుకుంటారు, మీ దగ్గర ఉంచండమ్మా" అని పక్కింటి వాళ్ళకు ఇచ్చి వెళ్ళేవారు. ఆ పక్కింటి వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ పెట్టెకు ఇంకో పెట్టె తోడయ్యేది. అలా చేతులు మారి మారి మా దాకా వచ్చేసరికి 96 పుస్తకాలయ్యాయి. చందమామ పాత సంపుటాలు, ఒక పెద్దబాలశిక్ష, వేమన పద్యాలు రెండు ప్రతులు, నిఘంటువు, అట్ట ఊడిన నవలలు, ఇంకా ఎవరివో పేర్లు రాసి ఉన్న పదో తరగతి తెలుగు వాచకాలు.

మేము నలుగురం. పదో తరగతిలో ఇద్దరం, తొమ్మిదిలో ఒకరం, ఆరులో ఒకరం. మా నాన్నల్లో ఒకరు నౌకాదళం, ఒకరు తపాలా శాఖ, ఒకరు వాతావరణ శాఖ. మాలో ఒకరి అమ్మ నర్సు. సొంత ఊళ్ళు కాకినాడ, గుంటూరు, వరంగల్లు, అనంతపురం. అందులో ఆరో తరగతి వాడు పుట్టింది విశాఖలో, పెరిగింది జమ్మూలో, కొచ్చిలో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని బడిలో ఎక్కడా నేర్చుకోలేదు. వాడు అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది ఆ అట్టపెట్టెల్లోని చందమామలతోనే. పోయిన వానాకాలం అడుగున ఉన్న పెట్టెకు చెదలు పట్టి ఒక సంపుటం సగం మట్టయిపోయింది. అది వాడు చదువుతున్నదే, కథ మధ్యలో ఉంది. అప్పుడు అనుకున్నాం, ఈ పుస్తకాలకు ఒక బీరువా కావాలని. తలుపులు లేకపోయినా ఫరవాలేదు, నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా, గాలి ఆడేలా ఉంటే చాలు.

ఇనుప రాక్ కొనేద్దామని మొదట అన్నది మాలో లెక్క చూసేవాడే. చవక, రెడీగా దొరుకుతుంది. కాని ఇక్కడి ఉప్పుగాలి సంగతి మీకు తెలియంది కాదు. మా క్వార్టర్ల వరండాల్లో సైకిళ్ళ గతి చూసినవాళ్ళెవరూ పుస్తకాలను ఇనుము మీద పెట్టరు. తుప్పు మరక కాగితానికి అంటితే పోదు. ప్లాస్టిక్ అరలు పుస్తకాల బరువుకు ఉయ్యాలలా వంగుతాయి. ఇక మిగిలింది కలప.

చుట్టూ అడవి, కలపకేం కొదవ అనిపిస్తుంది. ఈ ద్వీపాల నేలలో ఎనభై శాతానికి పైగా అడవే. చాథాం రంపపు మిల్లు 1883 నుంచి ఉంది. 1942లో బాంబు పడిన గొయ్యి కూడా ఆ ఆవరణలోనే చూపిస్తారు, అక్కడి ఫారెస్ట్ మ్యూజియంకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అయినా ఇక్కడ కలప చవక కాదు. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత చెట్ల నరకడం బాగా తగ్గింది. నరికేది ఇక్కడి వాళ్ళ అవసరాలకు సరిపడా మాత్రమే అన్నది ఆ ఆదేశం దారి. కలపను గాని, కలప సామానును గాని ద్వీపం దాటించాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. కాబట్టి ఇక్కడ ప్రతి పలకకూ ఒక లెక్క ఉంటుంది. మా బీరువాకూ లెక్క కట్టాల్సి వచ్చింది.

డబ్బు ముందు పోగయింది. నాలుగిళ్ళవాళ్ళూ, కాలనీలో ఇంకొన్ని తెలుగు ఇళ్ళవాళ్ళూ ఇచ్చినదంతా కలిపి 8,200 రూపాయలు. ఇంతకు మించి అడగకూడదని మేమే అనుకున్నాం. ఎందుకంటే ఇచ్చినవాళ్ళలో సగంమంది రెండేళ్ళలో ఇక్కడ ఉండరు.

మా వీధి చివర ఒక వడ్రంగి ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వాళ్ళ నాన్నగారి కాలంలోనే ఇక్కడికి వచ్చిన కుటుంబం. మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. మేము వెళ్ళి "బాబాయ్, పుస్తకాల బీరువాకు ఎంతవుతుంది?" అని అడిగితే ఆయన నవ్వి, "ఎంత పొడుగు, ఎంత ఎత్తు, ఎన్ని అరలు, ఎన్ని పుస్తకాలు, ఏ చెక్క? ఇయ్యేవీ చెప్పకుండా ఎంతవుతాదంటే నానేటి చెప్పగలను?" అన్నారు.

ఇంటికొచ్చి పుస్తకాలన్నీ నేల మీద వరసగా నిలబెట్టి టేపు పెట్టాం. మొత్తం ఏడడుగుల మూడంగుళాలు. ఒక అడుగు పొడవు పుస్తకాలను తీసి తూకం వేస్తే దాదాపు తొమ్మిది కిలోలు. అన్నిటికంటే వెడల్పయినది నిఘంటువు, తొమ్మిదంగుళాలు. ఎత్తయినవి పత్రికల సంపుటాలు, పదకొండు. ఈ నాలుగు అంకెల నుంచే బీరువా కొలతలు వాటంతటవే వచ్చాయి. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, పది అంగుళాల లోతు. పైన, కింద, మధ్యలో రెండు, మొత్తం నాలుగు అడ్డపలకలు. కింది పలక నేల నుంచి నాలుగంగుళాలు పైకి. ఇప్పుడున్న పుస్తకాలు పోగా ఇంకో నాలుగడుగుల చోటు మిగులుతుంది. మా తర్వాత వెళ్ళేవాళ్ళ పెట్టెల కోసం అది.

కలపను ఘనపుటడుగుల్లో కొలుస్తారు. వడ్రంగులు సీఎఫ్‌టీ అంటారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉంటే ఒక ఘనపుటడుగు. కాని పలక అంగుళం మందమే ఉంటుంది కాబట్టి లెక్కకు సులువైన దారి ఒకటుంది. పొడవును అడుగుల్లో, వెడల్పును, మందాన్ని అంగుళాల్లో రాసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు కదా, అందుకు.

అంగుళం మందం అనుకుని లెక్క వేశాం. పక్క చెక్కలు రెండు, ఒక్కొక్కటి 4 అడుగులు, 10 అంగుళాలు, 1 అంగుళం: 80. అడ్డపలకలు నాలుగు, 3 అడుగులవి: 120. వెనక గోడకు పూర్తి చెక్క వద్దు, గాలి ఆడాలి కాబట్టి మూడంగుళాల బద్దలు మూడు: 27. మొత్తం 227. దాన్ని 144తో భాగిస్తే 1.58 ఘనపుటడుగులు. కాగితం పట్టుకుని బాబాయ్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన కాగితం చూసి, పక్కనున్న ఒక గరుకు పలకను తీసి దాని అంచు మీద వేలు పెట్టి, "ఇది అంగుళంపావు. చిత్రిక పడితే అంగుళం అవుతాది. మీరు రాసింది చిత్రిక పట్టినాక మిగిలే చెక్క. డిపోవాడు డబ్బులు తీసుకునేది పట్టకముందు చెక్కకి" అన్నారు. మొదటి నుంచి తెలుసుకోవాలనుకున్నది అదే. బల్ల మీద కనిపించే కలప వేరు, కొనే కలప వేరు. అంగుళంపావుతో లెక్క కడితే 1.97. దాని మీద చివరలు కోసెయ్యడానికి, ముడులున్న చోటు వదిలెయ్యడానికి, రంపం తినే పొట్టుకు ఐదో వంతు కలపాలి. అప్పుడు 2.36. మొదటి అంకెకు సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఇంట్లో తలుపో మంచమో చేయించేటప్పుడు పెద్దవాళ్ళు "చెప్పినదానికంటే ఎక్కువ అడుగుతున్నాడు" అనడం చాలాసార్లు విన్నాం. అందులో కొంత ఎవరి అత్యాశా కాదు, ఈ పొట్టే.

మందం గురించి మాలో తగువు వచ్చింది. అంగుళం మందం ఎందుకు, ముప్పావు చాలదా అని. మూడడుగుల అర నిండితే ఇరవై ఏడు కిలోలు. ముప్పావు అంగుళం పలకను రెండు ఇటుకల మీద పెట్టి అన్ని పుస్తకాలూ పేర్చి చూస్తే మధ్యలో వంపు ఉత్త కంటికే కనిపించింది. మాలో ఒకరి అన్నయ్య ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోన్లో అడిగితే చెప్పాడు. పలక మందం రెట్టింపు చేస్తే వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుందట. అదే ఆనించే చోట్ల మధ్య దూరం సగం చేస్తే, ఒకే రకం పుస్తకాలు నిండుగా పేర్చినప్పుడు, పదహారో వంతుకు పడిపోతుందట. అంటే మందం పెంచడం కంటే మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టడం మేలు.

నిలువు చెక్క పెడితే కలప పెరుగుతుంది గదా అనుకున్నాం. లెక్క వేసి చూస్తే తగ్గింది! నిలువు చెక్కకు 40 కలుస్తుంది, మొత్తం 267. కాని ముప్పావు అంగుళం పలకకు గరుకు చెక్క అంగుళం ఉంటే చాలు. 267ను 144తో భాగిస్తే 1.85. ఐదో వంతు కలిపితే 2.22, రెండుంపావు అనుకోండి. మందం తగ్గించినందుకు వంపు రెండింతలకు పైగా పెరిగినా, దూరం సగమైనందుకు పదహారింతలు తగ్గింది. కొనే కలప తక్కువ, వంపు ముందరి దానిలో సుమారు ఏడో వంతు. గణితం పరీక్షలో వచ్చిన మార్కులకు కూడా మేము ఇంత సంతోషించలేదు. బాబాయ్‌కి చెబితే మాత్రం, "నిలువు చెక్క లేకుండా పుస్తకాల బీరువా ఎవడు చేస్తాడమ్మా" అని తన పనిలో పడ్డారు.

ఇక్కడ కొంచెం పక్కదారి. దుంగను ఎలా కొలుస్తారని అడిగితే బాబాయ్ ఒక పాత పద్ధతి చెప్పారు. దుంగ నడుము చుట్టుకొలత తీసి, దానిలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించాలి. మేము ఒక ఉదాహరణ వేసుకున్నాం. ఆరడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు. ఆయన పద్ధతిలో 22.5 ఘనపుటడుగులు. మన లెక్కల పుస్తకంలోని సిలిండరు సూత్రంతో 28.6. ఆరు ఘనపుటడుగులు ఎటు పోయాయి? సూత్రం తప్పేమో అనుకుని రెండుసార్లు చేశాం. తప్పు కాదట. గుండ్రటి దుంగను పలకలుగా కోస్తే బెరడు వైపు వంకర ముక్కలు నాలుగు పక్కలా పోతాయి. ఆ పోయేదాన్ని ముందే తీసేసి చెప్పే లెక్క ఇది. 18వ శతాబ్దపు ఇంగ్లాండులో ఎడ్వర్డ్ హాపస్ అనే ఆయన ఇలాంటి పట్టికలు అచ్చు వేశాడు, ఆయన పేరుతోనే ఈ కొలత నిలిచింది. ఏ దుంగ తీసుకున్నా రెండు లెక్కలకూ తేడా నూటికి ఇరవై ఒకటిన్నరే వస్తుంది. కారణం కనుక్కోండి, π ఒక్కటి తెలిస్తే చాలు.

ఇక ఏ చెక్క. అండమాన్ అంటే పడౌక్. ఈ ద్వీపాల రాష్ట్ర వృక్షం అది, ఎర్రటి చేవ, చెదలు అంత తేలిగ్గా ముట్టవు. మాలో అనంతపురం వాళ్ళకు ఒక సంగతి చెబితే నమ్మలేదు. శేషాచలం కొండల్లోని రక్తచందనం, మన అడవుల్లోని వేగి, ఈ పడౌక్, మూడూ ఒకే ప్రజాతి చెట్లు, టెరోకార్పస్. అలాగే ఇక్కడ కోకో అని పిలిచే చెట్టు మన దిరిసెనే. ఊరు కాని ఊళ్ళో మన ఊరి చెట్టు వేరే పేరుతో ఎదురైతే, బదిలీ మీద వచ్చిన బంధువును చూసినట్టుంటుంది.

రెండో రకం గర్జన్. పొడవైన చెట్టు, నిటారు మాను, పలకలు బాగా వస్తాయి, ధర తక్కువ. కాని తేమ నేలకు తగిలితే చెదలకు లొంగుతుంది. మేము అడిగిన రోజున మాకు చెప్పిన ధర ఘనపుటడుగు పడౌక్‌కు 3,500, గర్జన్‌కు 2,000. మీరు చదివేసరికి ఈ అంకెలు మారి ఉంటాయి, మీరు మళ్ళీ అడగాలి. అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ధర ఘనపుటడుగుకా, ఘనమీటరుకా, పలక పొడవుకా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ఘనమీటరుకు 35.3 ఘనపుటడుగులు.

అంతా పడౌక్ అయితే రెండుంపావుకు 7,875. కూలి, స్క్రూలు, వార్నిష్, ఆటో కలిపి ఇంకో 3,000. మొత్తం 10,875, మా వల్ల కాదు. అంతా గర్జన్ అయితే 7,500, మాకు సరిపోతుంది. కాని పోయిన వానాకాలం చూసినవాళ్ళం, మళ్ళీ చెదలకు అప్పగించడానికా ఇంత చేస్తున్నది?

ఇక్కడే మాలో మాటా మాటా పెరిగింది. పదో తరగతి ఇద్దరిలో ఒకరి నాన్నగారికి అప్పటికే ఆర్డరు వచ్చింది, జూన్‌లో వెళ్ళిపోవాలి. "గర్జన్‌తో కానిచ్చేద్దాం. నేను ఉండగా బీరువా చూడాలి. ఐదేళ్ళు వస్తే చాలదా, ఐదేళ్ళకు ఇక్కడ మనలో ఎవరుంటాం?" అని ఆ అబ్బాయి. "ఎవరూ ఉండం కాబట్టే గట్టిది కావాలి. చెదలు పడితే చూసుకోవడానికి మనం ఉండం" అని తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇద్దరి మాటా నిజమే. రెండు రోజులు ఎవరూ ఆ కాగితం ముట్టుకోలేదు.

దారి చూపింది ఆరో తరగతి వాడు. "నేలను తాకేది పక్క చెక్కలే కదా అక్కా, అరలు తాకవు కదా?" అన్నాడు. నిజమే. చెదలు ఎక్కేది నేల నుంచి. నేలను తాకే రెండు చెక్కలూ పడౌక్, మిగతావి గర్జన్. వెనక బద్దలు అసలు కొననే వద్దన్నది వాళ్ళమ్మగారు. ఈ పత్రిక చదివే మనందరి ఇళ్ళల్లోనూ అటక మీదో మంచం కిందో ఒక పాత ప్యాకింగ్ పెట్టె ఉంటుంది, మూత మీద మూడు ఊళ్ళ పేర్లు కొట్టేసి నాలుగోది రాసి ఉంటుంది. వాళ్ళింట్లో ఒకటి విరిగిపోయింది. దాని పలకలు చీలిస్తే మూడు బద్దలు వచ్చాయి.

ఇప్పుడు లెక్క: పక్క చెక్కలు 80, ఐదో వంతు కలిపితే 96, అంటే ఘనపుటడుగులో మూడింట రెండు వంతులు. పడౌక్ ధరకు 2,333. అరలు, నిలువు చెక్క కలిపి 160, ఐదో వంతుతో 192, అంటే ఒకటీ మూడింట ఒక వంతు. గర్జన్ ధరకు 2,667. కలప మొత్తం రెండు ఘనపుటడుగులు, ఖర్చు సరిగ్గా 5,000. కూలి రెండు రోజులకు 2,000, స్క్రూలు, వార్నిష్ 700, ఆటో 300. మొత్తం 8,000.

కొన్న ఆ రెండు ఘనపుటడుగుల్లో బీరువాలో నిలిచింది ఒకటింపావే. మిగతా ముప్పావు చిత్రిక పొట్టుగా, తుంపు ముక్కలుగా పోయింది. దాని వాటా 1,875 రూపాయలు. ఆ పొట్టు ఎర్రగా, తెల్లగా బాబాయ్ కొట్టు ముందు కుప్ప పడి ఉంటే, ఇంత డబ్బు నేల మీద ఉందా అని కాసేపు చూస్తూ నిలబడ్డాం. ఆయన పొయ్యిలోకి పనికొస్తుందని గోనెసంచిలోకి ఎత్తారు.

జిగురుతో అతికించవద్దని మేమే అడిగాం. అన్నీ స్క్రూలే. విప్పితే పలకలు, మూడు బద్దలు. బరువు మొత్తం ముప్పై కిలోల లోపే. ఎవరికీ చెందింది కాదు కాబట్టి ద్వీపం దాటదు, కాని క్వార్టరు నుంచి క్వార్టరుకు, హాలు నుంచి హాలుకు వెళ్ళవచ్చు. ఇక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన. తేమకు చెక్క వెడల్పులో కొంచెం ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. గట్టిగా బిగించి అతికిస్తే పగులుతుందని బాబాయ్ స్క్రూల రంధ్రాలు కొద్దిగా వదులుగా తొలిచారు.

ఏప్రిల్‌లో అది కమ్యూనిటీ హాలు మూలన నిలబడింది, గోడకు నాలుగంగుళాల ఎడంగా. లెక్క కాగితం శుభ్రంగా తిరగరాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పై పలక అడుగున అంటించాం. కొలతలు, 144తో భాగహారం, ఐదో వంతు, అన్నీ ఉన్నాయి. ధరల గడి మాత్రం ఖాళీగా వదిలాం. ఇంకో బీరువా కావలసినవాళ్ళు అప్పటి ధర వేసుకుంటారు.

జూన్‌లో వెళ్ళిన మా స్నేహితుడు పడౌక్ తుంపు ముక్క ఒకటి, జానెడు ఉంటుంది, జ్ఞాపకంగా తీసుకెళ్తానన్నాడు. "ఫారెస్టోళ్ళని అడిగి పట్టుకెళ్ళు బాబూ" అన్నారు బాబాయ్. సామాను కట్టే హడావిడిలో అడగడానికి వాడికి తీరిక దొరకలేదు. ఆ ముక్క ఇప్పుడు రెండో అరలో చందమామలు పడిపోకుండా ఆనుగా ఉంది. మిగిలిన 200 రూపాయలకు నాఫ్తలిన్ ఉండలు, ఒక రూళ్ళ పుస్తకం కొన్నాం. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో అందులో రాస్తున్నాం. మొదటి పేరు ఆరో తరగతి వాడిది. తెలుగులోనే రాశాడు, ఒత్తు ఒకటి పక్కకు జరిగింది.